చిన్న రవ్వను వదలని హెర్ట్జ్

మన హాస్టలు వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక మహనీయుని జీవితం వేయడం ఆనవాయితీ. ఎక్కువగా కటిక పేదరికంలో పుట్టి, వీధి దీపాల కింద చదువుకుని పైకొచ్చిన వారి గురించే రాస్తూ వచ్చాం. ఈసారి మేము రాస్తున్నది ఒక వకీలు కొడుకు గురించి. ఆయన ఆకలి ఎరుగడు, ఫీజు కట్టలేక బడి మానినవాడు కాడు. మరి ఆయన జీవితం మనకెందుకు అని తమ్ముళ్లు అడగవచ్చు. మేమూ మొదట అదే అనుకున్నాం. మా అభిప్రాయం మారడానికి కారణం ఒక పాత కంప్యూటరు. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత ఆయన జీవితంలోకి వెళతాం.

మేడ మీద మా తంటాలు

మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివినవాళ్లం. మా మూడు ఇళ్లలోనూ డిగ్రీ చేతికి తెచ్చుకున్నది మేమే మొదలు. పోయిన సెలవుల్లో ఒక సీనియర్ అన్న ఇచ్చిన పాత కంప్యూటరులో లినక్సు ఎక్కించి, పిల్లలకు ఏదైనా చూపిద్దామని ఇక్కడికి తెచ్చాం. ఆకాశంలో పోయే విమానాలు తమ గుర్తింపు, ఎత్తు, వేగం, ఉన్న చోటు రేడియో ద్వారా వాటంతట అవే చెబుతూ పోతాయి. ఈ పద్ధతి పేరు ఏడీఎస్-బీ. ఆ సంకేతాలు 1090 మెగాహెర్ట్జ్‌ల మీద వస్తాయి. టీవీ చూడడానికి తయారు చేసిన చిన్న యూఎస్‌బీ రిసీవరుతో వాటిని అందుకోవచ్చని 2012 తర్వాత లోకమంతా తెలిసింది. డంప్1090 అనే ఉచిత ప్రోగ్రాము ఆ సంకేతాలను విడదీసి తెర మీద వరసగా చూపిస్తుంది. తలా కొంత వేసుకుని ఆ రిసీవరు కొన్నాం.

స్టడీ అవర్ అయ్యాక పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి ప్రోగ్రాము నడిపాం. పరికరం దొరకలేదని వచ్చింది. పిల్లల ముందు మా ముఖాలు చిన్నబోయాయి. ఆ కంగారులో వైరు మార్చాం, ప్రోగ్రాము తీసి మళ్లీ ఎక్కించాం, రిసీవరును వేరే రంధ్రంలో పెట్టాం, అన్నీ ఒకేసారి చేశాం. రెండు రోజులు పోయాయి. ఏది మార్చితే ఏమైందో మాకే తెలియని స్థితికి వచ్చాం. కంప్యూటరు పాడుచేశామేమోనని భయం కూడా పట్టుకుంది.

మూడో రోజు ఒక నోటు పుస్తకం తీసి, ఒకసారి ఒక్కటే మార్చాలి, మార్చింది రాయాలి అని నియమం పెట్టుకున్నాం. యూఎస్‌బీ జాబితా చూస్తే రిసీవరు పేరు అందులో ఉంది. అంటే వైరు బాగానే ఉంది. కెర్నెల్ రాసుకునే లాగ్ చదివితే అసలు సంగతి బయటపడింది. రిసీవరు పెట్టగానే లినక్సు దాన్ని టీవీ పరికరమనుకుని తన టీవీ డ్రైవరుకు అప్పగిస్తోంది. ఆ డ్రైవరు పట్టుకుని కూర్చుంటే మన ప్రోగ్రాముకు అది దొరకదు. ఆ డ్రైవరు పేరును బ్లాక్‌లిస్టు ఫైలులో రాసి కంప్యూటరు మళ్లీ ఆన్ చేశాం. ఈసారి అనుమతి లేదని వచ్చింది. రూటుగా నడిపితే నడుస్తోంది, మామూలు యూజరుకు నడవడం లేదు. యూడెవ్ నియమం ఒకటి రాసి, రిసీవరును తీసి మళ్లీ పెట్టాక అదీ తీరింది. ప్రోగ్రాము నడిచింది కానీ తెర ఖాళీ. ఒక్క విమానం లేదు. యాంటెన్నా కిటికీ ఇనుప ఊచలకు ఆనించి ఉందని అప్పుడు గమనించాం. 1090 మెగాహెర్ట్జ్‌ల తరంగం పొడవు సుమారు 27.5 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు 6.9 సెంటీమీటర్లు. ఆ కొలతకు తీగ కత్తిరించి, మేడ మీద నీళ్ల ట్యాంకుకు దూరంగా కర్రకు కట్టాం. కాసేపటికి తెర మీద ఒక వరస పడింది. 36000 అడుగుల ఎత్తున ఎవరో మన మీదుగా పోతున్నారు. పిల్లలు వేసిన కేకలకు వార్డెన్‌గారు మేడెక్కి వచ్చారు.

ఆ రాత్రి ఏడో తరగతి తమ్ముడొకడు మెగాహెర్ట్జ్ అంటే ఏమిటన్నా అని అడిగాడు. సెకనుకు పది లక్షల కంపనాలని చెప్పాం. ఆ పేరెందుకు పెట్టారని మళ్లీ అడిగాడు. అది ఒక శాస్త్రజ్ఞుడి పేరు అని మాత్రం చెప్పగలిగాం. ఎం.ఎస్సీ. చదువుతున్న మాకు అంతకు మించి తెలియదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోంచి పుట్టిందే ఈ వ్యాసం.

చేతిపని నేర్చిన చదువరి

హైన్రిచ్ హెర్ట్జ్ 1857 ఫిబ్రవరి 22న జర్మనీలోని హాంబర్గ్ నగరంలో పుట్టాడు. తండ్రి గుస్టావ్ హెర్ట్జ్ న్యాయవాది, తర్వాత ఆ నగర సెనేటరు అయ్యాడు. తల్లి ఒక డాక్టరు గారి కూతురు. తండ్రి పుట్టింది యూదు కుటుంబంలో. ఆయన చిన్నతనంలోనే ఆ కుటుంబం క్రైస్తవంలో చేరింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

హెర్ట్జ్ చదువులో దిట్ట. గ్రీకు, లాటిన్‌తో పాటు అరబ్బీ కూడా నేర్చాడు. అయితే మమ్మల్ని ఆశ్చర్యపరచింది అది కాదు. ఆ పిల్లవాడు చెక్కపని నేర్చాడు, లేత్ మీద తరిణె పని నేర్చాడు, ఇంట్లోనే పరికరాలు తయారు చేసుకున్నాడు. ఆదివారాలు చేతిపనుల బడికి వెళ్లి గీత నేర్చాడు. ఆయన ప్రొఫెసరు అయ్యాడని తెలిసి, లేత్ పని నేర్పిన పనివాడు అయ్యో, ఎంత మంచి పనివాడు కావలసినవాడు అని బాధపడ్డాడని చెప్పుకుంటారు.

మన దగ్గర ఈ కథ తలకిందులుగా ఉంటుంది. మా నాన్నలు రాళ్లు కొట్టారు, చెప్పులు కుట్టారు, ఇళ్లకు సున్నం వేశారు. చదువుకున్నామంటే ఆ పని తప్పించుకున్నామని అర్థం చేసుకున్నాం. బడిలో నాన్న ఏం పని చేస్తాడని అడిగితే వ్యవసాయం అని అబద్ధం చెప్పిన రోజులు మాకున్నాయి. ప్రపంచానికి రేడియో తరంగాలు చూపించిన మనిషి ఆ పని వచ్చిన చేతులతోనే వాటిని చూపించాడని తెలిశాక ఆ అబద్ధం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

స్కూలు చదువు అయ్యాక హెర్ట్జ్ ఇంజినీరు కావాలనుకున్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొంతకాలం పని నేర్చుకుని, డ్రెస్‌డెన్‌లో చేరి, ఒక ఏడాది సైన్యంలో పనిచేసి, 1877లో మ్యూనిక్ చేరాడు. అక్కడ మనసు మారింది. భవనాలు, వంతెనలు కాదు, ప్రకృతి శాస్త్రం కావాలనిపించింది. తండ్రికి ఉత్తరం రాసి అనుమతి అడిగాడు. తండ్రి ఒప్పుకున్నాడు. 1878లో బెర్లిన్ వెళ్లి హెల్మ్‌హోల్ట్జ్ అనే గొప్ప శాస్త్రజ్ఞుని దగ్గర శిష్యుడయ్యాడు. 1880లో డాక్టరేటు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 23. ఇది రాస్తున్న మా వయసూ అదే.

కాదన్న పని

ఆ రోజుల్లో స్కాట్లాండు శాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ సిద్ధాంతం మీద పెద్ద చర్చ నడుస్తోంది. విద్యుత్తు, అయస్కాంతం కలిసి తరంగాలుగా కాంతి వేగంతో ప్రయాణిస్తాయని, కాంతి కూడా అలాంటి తరంగమేనని ఆ సిద్ధాంతం చెబుతుంది. లెక్కలున్నాయి కానీ కంటికి కనిపించే రుజువు లేదు. 1879లో బెర్లిన్ అకాడమీ ఈ విషయం మీద ఒక బహుమతి ప్రకటించింది. నువ్వు ప్రయత్నించు అని హెల్మ్‌హోల్ట్జ్ శిష్యుడిని కోరాడు. హెర్ట్జ్ ఆలోచించి, అప్పుడున్న పరికరాలతో అది తేలదని కాదన్నాడు. గురువు అడిగాడు కదా అని మొహమాటానికి ఒప్పుకోలేదు. కానీ ఆ ప్రశ్నను మరచిపోనూ లేదు.

1883లో కీల్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. అక్కడ సరైన ప్రయోగశాల లేదు. కాగితం మీదే మాక్స్‌వెల్ సిద్ధాంతాన్ని మథించాడు. 1885లో కార్ల్‌స్రూహ్ సాంకేతిక కళాశాలలో ప్రొఫెసరు పదవి వచ్చింది. అక్కడ మంచి ప్రయోగశాల ఉంది. 1886 జూలైలో అక్కడి అధ్యాపకుని కూతురు ఎలిజబెత్ డాల్‌ను పెళ్లాడాడు. వారికి యోహన్నా, మటిల్డే అని ఇద్దరు ఆడపిల్లలు.

పక్కన మెరిసిన రవ్వ

1886 శరత్కాలంలో ఒకరోజు హెర్ట్జ్ రెండు తీగ చుట్టలతో పాఠం చెప్పే ప్రయోగం చేస్తున్నాడు. ఒక చుట్టలో విద్యుత్ రవ్వ దూకినప్పుడు, దానికి తగలని రెండో చుట్టలో కూడా చిన్న రవ్వ మెరిసింది. ఇంకొకరైతే చూసీ చూడనట్టు వదిలేసేవారు. ఆయన ఆగాడు. ఏడేళ్ల కిందట కాదన్న ప్రశ్నకు దారి ఇక్కడే ఉందని గ్రహించాడు.

ఇక పరికరం తయారు చేశాడు. రెండు లోహపు తీగల మధ్య చిన్న సందు, వాటి చివర్లలో పెద్ద గోళాలు, రవ్వ పుట్టించడానికి ఇండక్షన్ కాయిల్. అది పంపే పరికరం. అందుకునే పరికరం మరీ సాదా. గుండ్రంగా వంచిన తీగ, దానికి మరతో సర్దుకునే సన్నటి సందు. అంతే. తరంగం వచ్చి తగిలితే ఆ సందులో రవ్వ కనబడాలి. ఆ రవ్వ పొడవు ఒక్కోసారి మిల్లీమీటరులో నూరో వంతు. చీకటి గదిలో కళ్లు చికిలించుకుని గంటల తరబడి దాన్ని చూసేవాడు.

రవ్వ బాగా కనబడడానికి అందుకునే సందు చుట్టూ ఒక నల్లటి డబ్బా పెట్టాడు. విచిత్రంగా రవ్వ ఇంకా చిన్నదైపోయింది. డబ్బా పెట్టింది చూడడానికి, అది రవ్వనే ఎందుకు తగ్గించింది? ఆయన అసలు పని పక్కనపెట్టి ఈ లోపం వెంట పడ్డాడు. డబ్బాలో ఒక్కొక్క గోడ తీసి చూశాడు. పెద్ద రవ్వకు, చిన్న రవ్వకు మధ్య ఉన్న గోడే కారణమని తేలింది. ఆ గోడ స్థానంలో గాజు పెట్టాడు, రవ్వ తగ్గింది. క్వార్ట్జ్ పలక పెట్టాడు, తగ్గలేదు. గాజు ఆపేదీ క్వార్ట్జ్ ఆపనిదీ అతినీలలోహిత కాంతి. పెద్ద రవ్వ నుంచి వచ్చే ఆ కాంతి సందు మీద పడితే రవ్వ సులువుగా దూకుతోందన్నమాట. 1887లో ఈ సంగతి ప్రచురించి, కారణం ఇదీ అని ఊహలు అల్లకుండా తన దారిన తాను పోయాడు. మనం ఇంటర్‌లో చదివే కాంతి విద్యుత్ ఫలితానికి మొదలు ఇదే. దానికి ఐన్‌స్టీన్ 1905లో వివరణ ఇచ్చాడు, ఆ వివరణకు 1921 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. పరికరంలో కనబడిన ఒక లోపాన్ని విసుక్కోకుండా వెంటాడితే దొరికిన నిధి అది.

ఇది చదివినప్పుడు మేము మా నోటు పుస్తకం తీసి చూసుకున్నాం. ఒకసారి ఒక్కటే మార్చాలి అని మేము కింద పడి నేర్చుకున్నదాన్ని ఆయన నూట ముప్ఫై ఏళ్లకు ముందే చేసి చూపాడు.

నిరాశ, మళ్లీ ప్రయత్నం

తరంగం వేగం కొలవడం అసలు పని. 1887 చివర్లో చేసిన మొదటి కొలతలు ఆయన ఆశకు ఎదురు తిరిగాయి. విద్యుత్ ప్రభావం వేగం లేకుండా తక్షణమే వ్యాపిస్తున్నట్టు కనిపించింది. అంటే మాక్స్‌వెల్ తప్పు. హెర్ట్జ్ నిరాశపడి ప్రయోగం ఆపేశాడు. కొన్ని వారాల తర్వాత ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. సిద్ధాంతం తప్పని తేలినా అదీ పెద్ద విషయమే, తేలేది నిశ్చయంగా తేలితే చాలు. ఆ మనసుతో మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి వేగానికి పరిమితి ఉందని తేలింది.

1888లో పెద్ద ఉపన్యాస గదిలో గోడకు 4 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పు జింకు రేకు బిగించాడు. తరంగాలు దానికి తగిలి వెనక్కి వచ్చి, వచ్చే వాటితో కలిసి నిలువ తరంగాలు ఏర్పడ్డాయి. తీగ వలయంతో నడుస్తూ రవ్వ ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ ఆరిపోతోందో గుర్తు పెట్టి తరంగం పొడవు కొలిచాడు. తర్వాత జింకు రేకులను అద్దాల్లా వంచి, 66 సెంటీమీటర్ల పొడవున్న తరంగాలతో ప్రయోగాలు చేశాడు. అవి తిన్నగా పోయాయి. లోహానికి తగిలి తిరిగొచ్చాయి. మూసిన చెక్క తలుపులోంచి దూరి వెళ్లాయి. తారుతో పోతపోసిన భారీ పట్టకంలో కాంతిలాగే వంగాయి. 1888 డిసెంబరులో ఆ ఫలితాలు బెర్లిన్ అకాడమీకి చేరాయి. ఇక అనుమానం లేదు. మాక్స్‌వెల్ చెప్పింది నిజం. అయితే మాక్స్‌వెల్ 1879లోనే కన్నుమూశాడు.

హెర్ట్జ్ కొలతల్లో తప్పులు లేవా? ఉన్నాయి. తీగలో తరంగం గాలిలోకన్నా నెమ్మదిగా పోతుందని ఆయనకు తేలింది. అది తప్పు. గదిలో ఉన్న ఇనుప పొయ్యి, గోడలు కూడా తరంగాలను తిప్పికొట్టి లెక్కను చెడగొట్టాయి. ఆయన గణనలోని ఒక పొరపాటును ఫ్రాన్సు గణితవేత్త పోయింకారే పట్టుకున్నాడు. జెనీవాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇంకా పెద్ద హాలులో, పెద్ద రేకుతో చేసి 1893లో రెండు వేగాలూ ఒకటేనని తేల్చారు. 1892లో తన వ్యాసాలన్నీ పుస్తకంగా వేసినప్పుడు హెర్ట్జ్ ఆ పాత వ్యాసాలను దిద్ది, తప్పు చేయనివాడిలా కనబడవచ్చు. అలా చేయలేదు. ఎక్కడ తడబడ్డాడో, ఎవరు దిద్దారో ముందుమాటలోనే రాసుకున్నాడు.

చిన్న వయసులోనే

1889లో బాన్ విశ్వవిద్యాలయానికి ప్రొఫెసరుగా వెళ్లాడు. 1890లో లండన్ రాయల్ సొసైటీ రంఫర్డ్ పతకం ఇచ్చింది. ఈ తరంగాలతో టెలిఫోను మాటలు పంపవచ్చా అని ఒక ఇంజినీరు ఉత్తరం రాస్తే, మాటల కంపనాలు మరీ నెమ్మది, వాటి తరంగాలకు ఖండమంత అద్దం కావాలి, కుదరదని జవాబిచ్చాడు. ఆయన లెక్క సరైనదే. వేగమైన తరంగం మీద మాటను ఎక్కించి పంపవచ్చన్న ఉపాయం తర్వాతివారికి తట్టింది. ఎంత గొప్పవాడికైనా తన విత్తనం చెట్టవడం పూర్తిగా కనబడదు కాబోలు.

1892 నుంచి తీవ్రమైన తలనొప్పి, ఇన్‌ఫెక్షన్ పట్టుకున్నాయి. ఆపరేషన్లు చేశారు, తగ్గలేదు. ఆ బాధలోనే యంత్రశాస్త్ర మూల సూత్రాల మీద పుస్తకం రాసి పూర్తి చేశాడు. 1894 జనవరి 1న కన్నుమూశాడు. అప్పటికి 36 ఏళ్లు. చిన్న కూతురుకు మూడేళ్లు కూడా నిండలేదు. శిష్యుని చివరి పుస్తకానికి గురువు హెల్మ్‌హోల్ట్జ్ ముందుమాట రాశాడు. ఆ ఏడాదే ఆయనా పోయాడు.

హెర్ట్జ్ చనిపోయిన ఏడాదే ఆయన ప్రయోగాల గురించి చదివి ఇటలీలో మార్కోని వైర్‌లెస్ పని మొదలుపెట్టాడు. మన దేశంలో జగదీశ్ చంద్ర బోస్ హెర్ట్జ్ తరంగాలకన్నా ఎంతో పొట్టి తరంగాలు సృష్టించి 1895లో కలకత్తాలో ప్రదర్శించాడు. 1904లో జర్మనీలోనే హ్యూల్స్‌మేయర్ అనే ఆయన, లోహానికి తగిలి తరంగం తిరిగొస్తుంది కదా అని ఓడలను పసిగట్టే యంత్రం చేశాడు. 1935లో ఇంగ్లాండులో వాట్సన్ వాట్ రేడియో తరంగాలతో విమానాన్ని గుర్తించి చూపాడు. రాడార్‌కు అది నాంది. కార్ల్‌స్రూహ్ గది గోడకు బిగించిన జింకు రేకు నుంచి ఆకాశంలో విమానం దాకా దారి అలా సాగింది.

చెరిపినా చెరగని పేరు

ఇప్పుడు మొదట్లో గుర్తుపెట్టుకోమన్న మాట. 1933లో జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. మనిషిని పుట్టుకతో తూచే చట్టాలు వచ్చాయి. హెర్ట్జ్ క్రైస్తవుడిగానే పుట్టి పెరిగాడు. చనిపోయి దాదాపు నలభై ఏళ్లయింది. అయినా తండ్రి పుట్టుక చూసి, హాంబర్గ్ నగర మందిరంలో గౌరవంగా పెట్టిన ఆయన చిత్రపటాన్ని తీసేశారు. చిన్న కూతురు మటిల్డే తేనెటీగల చూపు మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. ఆమెకు విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే హక్కు తీసేశారు. ఆమె, తల్లి, అక్క దేశం విడిచి ఇంగ్లాండు వెళ్లిపోయారు. బాన్‌లో హెర్ట్జ్ దగ్గర సహాయకుడిగా పనిచేసి, 1905లో నోబెల్ బహుమతి పొందిన లేనార్డ్ అప్పటికి హిట్లర్ పక్షాన నిలిచి, భౌతికశాస్త్రానికి కూడా జాతి ఉందని వాదిస్తున్నాడు.

ఎంత గొప్ప పని చేసినా ముందు నీ పుట్టుక ఏమిటని అడిగే చూపు ఎలా ఉంటుందో ఈ హాస్టల్లో ఎవరికీ వివరించనక్కర్లేదు. హెర్ట్జ్ వకీలు కొడుకైనా ఆ చూపు ఆయన సమాధి దాకా వెంట వచ్చింది. ఆయన జీవితం మనకెందుకన్న ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇది.

అయితే పటం తీసినవారు ఒకటి తీయలేకపోయారు. 1930లోనే అంతర్జాతీయ సంస్థ సెకనుకు ఒక కంపనాన్ని హెర్ట్జ్ అని పిలవాలని నిర్ణయించింది. 1960లో అది ప్రపంచ ప్రమాణమైంది. రేడియో స్టేషన్లు, సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు, ఇంట్లో బల్బుకు వచ్చే 50 హెర్ట్జ్‌ల కరెంటు, అన్నిటిలో ఆ పేరే ఉంది. హాంబర్గ్‌లో ఆయన పటాన్ని తర్వాత మళ్లీ పెట్టారు.

తమ్ముళ్లూ, ఆ కంప్యూటరును లైబ్రరీ గదిలోనే వదిలి వెళ్తున్నాం. నోటు పుస్తకం దాని పక్కనే ఉంది. మేము చేసిన తప్పులన్నీ అందులో ఉన్నాయి, కొట్టేయలేదు. రేపు కెర్నెల్ మారితే ఆ టీవీ డ్రైవరు మళ్లీ అడ్డం రావచ్చు, గాలికి తీగ వంగిపోవచ్చు. అప్పుడు కంగారుపడి అన్నీ ఒకేసారి కదపకండి. ఒక్కటి మార్చండి, చూడండి, రాయండి. మీ నాన్నకు తీగ వంచడం, కర్ర చెక్కడం, తోలు కుట్టడం వచ్చుంటే సెలవుల్లో అది నేర్చుకుని రండి. ఎవరైనా అడిగితే నాన్న ఏ పని చేస్తాడో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ పని మేము నేర్చుకోలేదు. ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్లి మొదలుపెడదామనుకుంటున్నాం.

– ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం, మన హాస్టలు పూర్వ విద్యార్థి